ఎన్నికైన న్యాయమూర్తి – ప్రజల నమ్మకం

గ్రామ సర్పంచి మొదలుకొని పార్లమెంటు సభ్యుని వరకు అందరినీ ప్రజలే ఎన్నుకొంటున్నప్పుడు, న్యాయమూర్తిని మాత్రం ఎందుకు ఎన్నుకోరాదు? పౌరశాస్త్రం చదివే విద్యార్థులు తరచుగా వేసే ప్రశ్న ఇది. దీనిని తేలికగా తోసిపుచ్చరాదు. మన దేశంలో న్యాయమూర్తుల ఎన్నిక లేదు గాని, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ముప్పైకి పైగా రాష్ట్రాలు తమ ఉన్నత న్యాయమూర్తుల విషయంలో ఏదో ఒక రూపంలో ప్రజల ఓటును ఆశ్రయిస్తున్నాయి. కావున ఊహలపై ఆధారపడక, అక్కడి అనుభవం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలింపదలచాము.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవలసి ఉన్నది. అమెరికాలో న్యాయమూర్తుల ఎన్నిక న్యాయస్థానాలను రాజకీయాలకు లోబరచటానికి పుట్టినది కాదు. రాజకీయాల నుండి విడిపించటానికే పుట్టినది. తొలి రోజులలో రాష్ట్రాల గవర్నర్లో, శాసనసభలో న్యాయమూర్తులను నియమించేవారు. ఆ పదవులు ఆశ్రితులకు ఇనాములుగా పోతున్నవనే అసంతృప్తి ప్రబలింది. 1832లో మిసిసిపీ రాష్ట్రం తన న్యాయమూర్తులందరినీ ప్రజలే ఎన్నుకొనే ఏర్పాటు చేసింది. 1846లో న్యూయార్కు ఆ మార్గాన్ని అనుసరించిన తరువాత అనేక రాష్ట్రాలు అదే బాట పట్టినవి. పాలకుల దయ కంటె ప్రజల ఓటు మేలని వారి తలంపు. ఫెడరల్ న్యాయమూర్తులను మాత్రం నేటికీ అధ్యక్షుడే సెనేటు సమ్మతితో నియమిస్తున్నాడు.

తలంపు మంచిదే. మరి చిక్కు ఎక్కడ వచ్చినది? శాసనసభ్యుడు తనకు ఓటు వేసినవారి పక్షాన మాట్లాడితే అది అతని ధర్మం. న్యాయమూర్తి అదే పని చేస్తే అది అధర్మం. ఒకరికి గుణమైనది మరొకరికి దోషమవుతున్నది. పైగా ఎన్నిక అన్న తరువాత ప్రచారం, ప్రచారం అన్న తరువాత ధనం తప్పవు. న్యాయమూర్తి ఎన్నికకు ధనమిచ్చేవారు ఎవరు? కోర్టు తీర్పులతో నిత్యం పని ఉండే న్యాయవాదులు, వ్యాపార సంస్థలు, సంఘాలు అందులో ముందుంటారు. 2025లో విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒక్క స్థానానికి జరిగిన ఎన్నికలో ఉభయ పక్షాల వ్యయం 10 కోట్ల డాలర్లు దాటినది.

ఈ చిక్కు ఎంతవరకు పోగలదో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో నడిచిన కేపర్టన్ దావా తెలుపుతుంది. 2002లో అక్కడి జ్యూరీ మాసీ అనే పెద్ద బొగ్గు సంస్థ ఒక చిన్న గని యజమానిని అక్రమంగా దెబ్బ తీసినదని నిర్ణయించి, 5 కోట్ల డాలర్ల నష్టపరిహారం విధించినది. ఆ తీర్పుపై అప్పీలు రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్ళవలసి ఉన్నది. అంతలో 2004లో అదే కోర్టులో ఒక స్థానానికి ఎన్నిక వచ్చినది. మాసీ సంస్థ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్, బ్రెంట్ బెంజమిన్ అనే అభ్యర్థి గెలుపు కోసం సుమారు 30 లక్షల డాలర్లు వెచ్చించాడు. బెంజమిన్ మద్దతుదారులు మిగిలిన వారందరూ కలిసి పెట్టిన ఖర్చు కూడ అంత లేదు. బెంజమిన్ గెలిచాడు. అప్పీలు అతని ఎదుటికే వచ్చినది. విచారణ నుండి తప్పుకొనవలసినదిగా కక్షిదారు కోరగా, తన మనస్సులో ఏ పక్షపాతమూ లేదని అతడు నిరాకరించాడు. 2007లోను, పునర్విచారణలో 2008లోను, మూడు ఓట్లకు రెండుగా మాసీ సంస్థే గెలిచినది. రెండుసార్లూ ఆ మూడింటిలో ఒకటి బెంజమిన్ ఓటు.

2009లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో ఆ తీర్పును కొట్టివేసినది. బెంజమిన్ నిజంగా పక్షపాతం చూపినాడని అది అనలేదు. మనిషి అంతరంగాన్ని తూచటం సాధ్యం కాదు. తనను తాను తూచుకొనటం అంతకంటె కష్టం. కాబట్టి బయటి పరిస్థితులనే చూడవలెనని, వ్యాజ్యం కోర్టుకు రానున్నదని తెలిసి ఒక కక్షిదారు తన న్యాయమూర్తి ఎన్నికకు అసాధారణమైన తోడ్పాటు చేసినప్పుడు పక్షపాత ప్రమాదం తీవ్రమని, అట్టి న్యాయమూర్తి తప్పుకొనవలెనని తేల్చినది.

ఈ కథకు ఒక కొసమెరుపు కలదు. అదే సంవత్సరం నవంబరులో బెంజమిన్ లేకుండా రాష్ట్ర కోర్టు మళ్ళీ విచారించి, నాలుగు ఓట్లకు ఒకటిగా మాసీ సంస్థకే అనుకూలంగా తీర్పు చెప్పినది. మరి ఇంత శ్రమ వృథా కాదా అని ఎవరైనా అడుగవచ్చు. కాదని మా అభిప్రాయం. వ్యాజ్యంలో ఒకరు ఓడటం అనివార్యం. ఐతే చట్టం ప్రకారం ఓడినానని అనుకొని ఇంటికి పోవటం వేరు, ఎదుటివాని ధనానికి ఓడినానని అనుకొని పోవటం వేరు. మొదటివాడు కోర్టును గౌరవిస్తాడు. రెండవవాడు మరల కోర్టు గుమ్మం తొక్కడు.

ఈ సత్యం కొత్తది కాదు. ఖలీఫా హజ్రత్ ఉమర్, అబూ మూసా అష్అరీకి వ్రాసినట్లు సంప్రదాయం చెప్పే ప్రసిద్ధ లేఖ సారాంశం ఇదే. ఖాజీ ఇరుపక్షాలను కూర్చుండబెట్టటంలోను, చూచే చూపులోను సమానత పాటించవలెను. లేనిచో బలవంతునికి పక్షపాతంపై ఆశ కలుగుతుంది, బలహీనునికి ఇన్సాఫ్‌పై ఆశ పోతుంది. న్యాయమూర్తి హృదయం నిర్మలంగా ఉండటమే చాలదు. ఆ నిర్మలత్వం గుమ్మం దగ్గర నిలిచిన పేదవానికి కనబడవలెను.

ఐతే ఎదుటి వాదాన్ని కూడ వినవలసి ఉన్నది. కేపర్టన్ తీర్పుతో విభేదించిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్, ఇక ప్రతి కక్షిదారూ పక్షపాతమని ఆరోపించునని, దాని వలననే నమ్మకం సడలునని హెచ్చరించాడు. ఆ భయం నిరాధారం కాదు. కాని అదే రాబర్ట్స్ 2015లో ఫ్లారిడాకు చెందిన దావాలో, న్యాయమూర్తి పదవికి పోటీ చేసేవారు స్వయంగా చందాలు అడుగరాదనే నిబంధనను సమర్థించాడు. న్యాయమూర్తి చేయి చాచరాదన్నంత వరకు ఉభయ వాదాలూ కలుస్తున్నవి.

ఓటు పెట్టినంత మాత్రాన నమ్మకం పుట్టదని మెక్సికో కూడ చూపినది. 2024లో రాజ్యాంగాన్ని సవరించి, 2025 జూన్ 1న ఆ దేశం న్యాయమూర్తులకు ఎన్నిక జరిపితే, నూటికి సుమారు 13 మంది మాత్రమే ఓటు వేశారు. అట్లని నియామక పద్ధతి దానంతటదే పవిత్రం కాదు. మన సుప్రీంకోర్టు 1997లో న్యాయమూర్తుల నడవడికి పదహారు సూత్రాలను ఆమోదించవలసి వచ్చినది. వివిధ దేశాల న్యాయమూర్తులు 2001లో మన బెంగుళూరులో ముసాయిదా చేయగా 2002లో తుది రూపు దాల్చిన సూత్రావళి స్వతంత్రత, నిష్పాక్షికత, నిజాయితీ, ఔచిత్యం, సమానత, సామర్థ్యం అనే ఆరు విలువలను చెప్పినది. ఎన్నికైనా, నియమితుడైనా ఇవి న్యాయమూర్తులందరికీ వర్తిస్తవి. పదవి ఎవరిచ్చారన్నది కాదు, ఇచ్చినవారి ఋణం పీఠం మీద తీర్చకుండా ఉండే కట్టుబాటు కలదా లేదా అన్నదే ముఖ్యం.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు న్యాయవాదులు, న్యాయాధికారులు కాగలరు. అందరూ కాకపోయినా, వక్తృత్వ పోటీలో బహుమతి నిర్ణయించటమో, ఉద్యోగానికి అభ్యర్థిని ఎంపిక చేయటమో, ఇద్దరి తగవు తీర్చటమో ఏనాడో ఒకనాడు తప్పదు. ఎదుట నిలిచినవాడు మన బంధువో, మనకు ఉపకారం చేసినవాడో ఐనప్పుడు, "నా మనస్సు నాకు తెలుసు" అని కూర్చుండటం సులభం; లేచి ఆ కుర్చీని మరొకరికి ఇవ్వటం కష్టం. ఆ కష్టమైన పని చేయగలవారి పైననే ప్రజల నమ్మకం నిలుస్తుంది.