గాలితిత్తులపై నడచు బండ్లు

బండి యిరుసునకును పైకట్టునకును నడుమ స్ప్రింగు లేకున్నచో గతుకుబాటపై పయనము దుర్భరమగును. లారీలకు ఉక్కు కమానుకట్టలను, కార్లకు చుట్టస్ప్రింగులను అమర్చుట యందఱు నెఱిగినదే. కొన్ని బండ్లలో ఉక్కునకు మారుగా గాలి నింపిన రబ్బరుతిత్తులను వాడుదురు.

కొండదారులకును ఇసుకనేలలకును ఉద్దేశింపబడిన రేంజి రోవరు అను ఇంగ్లండు బండికి 1992లో ఇట్టి తిత్తులు అమరినవి. విద్యుత్తుచే నడచు కంప్రెసరు గాలిని కుదించి తొట్టికి పంపగా, వాల్వులు దానిని నాలుగు తిత్తులకు పంచును. చక్రములచెంతనున్న మీటలు బండి యెత్తును కనిపెట్టుచుండును. ఈ పద్ధతిచే, 2020లో విక్రయమునకు వచ్చిన డిఫెండరు అను బండి రాళ్లబాటలో మామూలెత్తుకంటె 75 మిల్లీమీటర్లు లేచును; జనులు ఎక్కునపుడు 50 మిల్లీమీటర్లు క్రుంగును. ఉక్కు ఇంతటి వినయమును చూపజాలదు.

అయినను రబ్బరునకు ఆయువు స్వల్పము. తిత్తి ముడుచుకొనుచోట కాలక్రమమున పగుళ్లు పుట్టును. ఆ ముడుతలో చిక్కిన ఇసుకయు బురదయు ఆకురాయివలె దానిని ఒరయును. పగులు వెండ్రుకవాసి యైనను చాలును. రాత్రి నిలిపిన బండి తెల్లవాఱునప్పటికి ఒక మూలకు ఒరిగియుండును. కంప్రెసరు దానిని మరల లేపును. దారిపొడవునను కారిపోవు గాలిని పూరించుచునే యుండును. కొద్దిసేపు పనిచేసి విశ్రమించుటకై నిర్మింపబడిన యంత్రమది. ఎడతెగక తిరిగి, వేడెక్కి, తుదకు ఆగిపోవును. గాలిలోని తేమను పీల్చు గుళికలును ఈ శ్రమచే తడిసిపోగా, ఆ తేమ వాల్వులకు చేరి వానిని చెఱచును. అప్పుడు క్రొత్త కంప్రెసరు బిగించి తృప్తిపడువారు కలరు. చిల్లి చిల్లిగనే యుండుటచే అదియు మొదటిదాని దారినే పట్టును. సైకిలు ట్యూబును నీట ముంచి బుడగలను చూచునట్లు, తిత్తులపై సబ్బునీరు పూసి చూచుట ముందు చేయదగిన పని.

నగరమున ఇది ధనవ్యయము మాత్రమే. ఆస్ట్రేలియా నడుమనున్న ఎడారులలో నీరును పెట్రోలును మోసికొని వందల కిలోమీటర్లు పోవు బాటసారికి అట్లు కాదు. గాలి పోయిన బండి నేలకు క్రుంగి, అడుగు తగిలి, ఇసుకతిన్నెను దాటజాలక నిలిచిపోవును. అట్టి త్రోవలకు పేరొందిన టొయోటా లాండు క్రూయిజరు 70 వరుస బండ్లకు వెనుక నేటికిని కమానుకట్టలే కలవు. కట్టలో ఒక పట్టీ విఱిగినను తక్కినవి బరువు మోయును గదా!

పాత రేంజి రోవర్ల యజమానులు పలువురు తిత్తులను తీసివైచి చుట్టస్ప్రింగులు వేయించుకొనిరి. వానిని విడువ నొల్లనివారు టైరువాల్వులు గల సన్నని గొట్టములను వెంట నుంచుకొందురు. కంప్రెసరు చెడినచో ఆ గొట్టములను తిత్తులకు తగిలించి, చక్రములకు గాలి కొట్టు పంపుతోనే బండిని లేపుకొని, మెల్లగా మెకానికు ఉన్న ఊరు చేరుదురు.