ముంగిటి పచ్చిక – ఋతువులను బట్టి పోషణ

ఇంటి ముందు కొద్దిపాటి పచ్చిక ఉన్నచో కంటికి చల్లదనము, ఇంటికి అందము. సాయంకాలము పిల్లలు ఆడుకొనుటకును, పెద్దలు కుర్చీలు వేసికొని కూర్చుండుటకును అంతకంటె అనువైన చోటు ఉండదు. కాని పచ్చిక నాటిన గృహస్థులలో పలువురు రెండవ వేసవి నాటికే విసుగు చెందుచుందురు. నీరు ఎంత పోసినను గడ్డి పసుపువారుచున్నదని ఒకరు, తుంగ అలముకొన్నదని మరియొకరు వాపోవుదురు. ఏడాది పొడుగునను పచ్చిక ఒకే తీరున పచ్చగా ఉండవలెనను పట్టుదలయే ఈ చిక్కులలో పెక్కింటికి మూలమని మేము తలంచుచున్నాము.

మన తెలుగునాట ఇంటి పచ్చికకు మిక్కిలి అనువైనది గరిక. వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మముగా మనము అర్పించునది ఇదియే. పొలములో రైతునకు మాత్రము ఇది మొండి కలుపు. ఎంత దున్నినను, ఎండకు ఎంత మాడినను, మరల చిగిర్చును. గరిక నేలపై తీగలుగా ప్రాకి కణుపు కణుపున వేరు తన్నును. నేల లోపల కూడ గట్టి కాడలను సాగించి, వానిలో ఆహారమును దాచుకొనును. పైనున్న ఆకులు మాడిపోయినను లోపలి కాడ బ్రదికియే ఉండును. రైతును విసిగించు ఈ గుణమే మనకు అక్కరకు వచ్చునది. అయితే గరికకు ఎండ కావలెను. రోజునకు ఆరు గంటలైనను ఎండ తగులని చోట, ముఖ్యముగా మామిడి, వేప వంటి చెట్ల గుబురు నీడలో, అది పలుచబడి క్రమముగా నశించును. అట్టి చోట ఎన్నిమార్లు నాటినను శ్రమ వృథా.

పచ్చికకు సంవత్సరాది మృగశిర కార్తె. తొలకరి జల్లులు పడగానే నేలను జానెడు లోతున త్రవ్వి, రాళ్ళను, తుంగ గడ్డలను ఏరివేసి, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి, వాననీరు ఇంటి గోడవైపు పోకుండ వాలు చూచి చదును చేయవలెను. రెండు మూడు కణుపులున్న గరిక ముక్కలను బెత్తెడు దూరమున నాటి, ఒక కణుపైనను మట్టిలో ఉండునట్లు అదుమవలెను. నెల్లూరు ప్రాంతమున పెద్ద వానలు అక్టోబరు, నవంబరు మాసములలో కురియును గనుక అచటివారు నాటుటను అప్పటికి జరుపుకొనవచ్చును.

తుంగను పైపైన పెరికినందువలన లాభము లేదు. దాని గడ్డలు నేలలో గొలుసువలె ఒకదానికొకటి అంటుకొని ఉండును. పై మొక్క తెగినను క్రింది గడ్డ మరల మొలచును. నేల తడిగా ఉన్నప్పుడు లోతుగా త్రవ్వి గడ్డతో సహా తీయుటయే ఉపాయము.

వానలు నిలకడగా పడు దినములలో వారమునకొకమారు కోత తప్పదు. ఉన్న ఎత్తులో మూడవ వంతునకు మించి ఒక్కసారిగా కోయరాదు. ఆహారము తయారగునది ఆకులోనే. దానిని నున్నగా గొరిగినచో వేరు బలము తగ్గును. 3, 4 సెంటీమీటర్ల ఎత్తు నిలుపుట మేలు. ఎరువు విషయమున, 100 చదరపు మీటర్లకు ఒక కిలో యూరియా చాలును. ఇందు నూటికి 46 పాళ్ళు నత్రజని. ఆకు పొడిగా ఉన్నప్పుడు సమముగా చల్లి, వెంటనే నీరు పెట్టవలెను. తడి ఆకునకు యూరియా అంటుకొన్నచో ఆకు మాడును. జూలైలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి వేసిన చాలును.

గరిక వేడిమిని కోరు గడ్డి. మార్గశిర, పుష్య మాసములలో రాత్రులు చలి ముదిరిన కొలది, ముఖ్యముగా తెలంగాణమున, దాని పెరుగుదల మందగించి రంగు వెలవెలబోవును. ఇది తెగులు కాదు. ఎరువు వేసి దానిని తొందరపెట్టరాదు. ఎనిమిది పది దినములకొకమారు ఉదయము నీరు పెట్టవలెను. సాయంకాలము పెట్టినచో రాత్రియంతయు ఆకు తడిసియుండి బూజు తెగుళ్ళకు చోటిచ్చును.

ఇక అసలు పరీక్ష వేసవి. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు నిలిచినచో అది ఒక లీటరు. 100 చదరపు మీటర్ల పచ్చికకు రోజునకు 5 మిల్లీమీటర్ల చొప్పున తడిపినచో 500 లీటర్లగును. నగరములలో మనిషికి రోజునకు 135 లీటర్ల నీరు అవసరమని మన దేశమున లెక్క కట్టుదురు. అనగా ఆ పచ్చిక త్రాగునది ఇంచుమించు నలుగురి నీరు. బావి అడుగంటి, వీధిలో బిందెలు బారులు తీరు దినములలో ఈ లెక్కను మరువరాదు.

నీటి వసతి ఉన్నవారు ప్రతిదినము చిలకరించుట మాని, వారమునకొకమారు వేకువజామున 25 మిల్లీమీటర్ల నీరు పెట్టవలెను. గడ్డిపై ఖాళీ డబ్బానొకదానిని ఉంచినచో నీరెంత పడినదో కొలుచుకొనవచ్చును. దినదినము పైపైన తడిపినచో వేళ్ళు పైననే నిలిచి, ఒక్కనాడు నీరు తప్పినను గడ్డి వాడును. లోతుగా తడిపినచో వేళ్ళు లోనికి దిగును. కోత ఎత్తును 5 సెంటీమీటర్లకు పెంచవలెను. బట్టలుదికిన సోడా నీటిని పోయరాదు. అది నేలను బిగుసుకొనజేయును.

నీరు లేనివారు గడ్డిని పసుపువారనిండు. కోత, ఎరువు, త్రొక్కుడు మాని, మూడు వారములకొకమారు 12 మిల్లీమీటర్ల నీరిచ్చినచో లోపలి కాడ ప్రాణము నిలుపుకొనును. అనుమానము కలిగినచో ఒక మూల కొద్దిగా త్రవ్వి చూడుడు. కాడ విరిచినప్పుడు లోపల తెల్లగా, గట్టిగా ఉన్నచో అది సజీవము. రోహిణిలో మాడిన ఆ గడ్డియే తొలకరి వానలకు మరల చిగిర్చును.

కావున క్రొత్తగా పచ్చిక వేయదలచినవారు దాని కొలతను ఆషాఢపు వాన చూచి కాక, వైశాఖమున తమ బావిలో ఉండు నీటిని చూచి నిర్ణయించుకొనవలెను. 25 చదరపు మీటర్లైనచో వేసవిలో వారమునకు 625 లీటర్లు సరిపోవును. మిగిలిన స్థలములో పాదు వరకు మాత్రమే నీరు కోరు మల్లె, నందివర్ధనము వంటివి నాటుకొనుట మంచిది.