వడ్డీ గడప తొక్కకముందే

ఇంట్లో డబ్బుకు ఇబ్బంది మొదలైనప్పుడు ఆ సంగతి సాధారణంగా ఇద్దరికే తెలుస్తుంది. ఒకరు ఇంటి యజమాని, మరొకరు ఆయన ఇల్లాలు. ఒక్కోసారి ఆ ఇల్లాలికి కూడా తెలియదు. తర్వాత ఆ సంగతి తెలిసేది అన్నకో, మేనమామకో, మస్జిద్ ఇమాం సాహెబుకో కాదు, వడ్డీ వ్యాపారికి. అయినవారి ముందు చిన్నబోతామన్న భయంతో ముక్కూ ముఖం తెలియని వాని ముందు చేయి చాస్తున్నాము. దాపరికం కొన్నాళ్ళపాటు పరువును కాపాడినట్లే కనిపిస్తుంది. వసూలుకు వచ్చినవాడు వీధిలో నిలబడి కేకలు వేసిన నాడు ఆ పరువు ఊరందరి ఎదుటా పోతుంది.

వడ్డీ నిషిద్ధమని ముస్లిం సమాజంలో తెలియనివారు లేరు. తెలిసి కూడా ఆ గడప ఎందుకు తొక్కుతున్నారన్నదే మనం ఆలోచించవలసిన ప్రశ్న. చాలా సందర్భాలలో కారణం ధర్మంపట్ల నిర్లక్ష్యం కాదు. సహాయం ఎవరిని, ఎప్పుడు, ఎంతవరకు అడగవచ్చునో తెలియకపోవడం, అడిగినవారి గౌరవాన్ని కాపాడే ఏర్పాటు మన మొహల్లాలలో లేకపోవడం. ఈ రెండు లోపాలను సరిదిద్దుకోవడానికి ఇస్లాం స్పష్టమైన మార్గం చూపింది.

అడగడం ఎప్పుడు తప్పు కాదు?

దివ్యఖుర్ఆన్‌లోని ‘అల్ బఖర’ సూరా 273వ ఆయత్ ఒక రకమైన పేదలను ప్రత్యేకంగా పరిచయం చేస్తుంది. వారు జనాన్ని వెంటబడి అడగరు. వారి బిడియాన్ని చూసి, విషయం తెలియనివారు వారిని సంపన్నులుగా భావిస్తారు. వారి ముఖాలను చూసి మాత్రమే వారి స్థితిని గ్రహించగలం. ఈ ఆయత్‌ను మనం తరచుగా ఆ పేదల ప్రశంసగానే చదువుతాము. అందులో మనకొక బాధ్యత కూడా ఉంది. వారు అడగరు గనుక, వారిని గుర్తించవలసినది మనమే.

అలాగని ఏ స్థితిలోనూ అడగరాదని ధర్మం అనలేదు. హజ్రత్ ఖబీసా బిన్ ముఖారిఖ్ (రజి) ఇతరుల బాకీకి పూచీపడి, ఆ భారం మోయలేక దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. సదఖా సొమ్ము వచ్చేవరకు ఆగమని, అందులోనుండి ఆయనకు ఇప్పిస్తామని దైవప్రవక్త (స) అభయమిచ్చారు. ఆ పిమ్మట, అడగడం ముగ్గురికే ధర్మసమ్మతమని వివరించారు. పూచీ భారం మీదపడినవాడు మొదటివాడు. ఆపద వచ్చి ఆస్తి తుడిచిపెట్టుకుపోయినవాడు రెండవవాడు. తన వారిలోని ముగ్గురు వివేకవంతులు నిజమేనని చెప్పగలిగినంతటి లేమికి గురైనవాడు మూడవవాడు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. అవసరం తీరేవరకే అడగాలి, కూడబెట్టుకోవడానికి అడగరాదు. అలాగే, ఒక కుటుంబం లేమిలో పడితే ఆ సంగతి తెలిసిన ముగ్గురు వివేకవంతులు దాని చుట్టూ ఉండాలి. నేడు మన వీధులలో ఆ ముగ్గురు ఎవరు?

ముందు లెక్క, తర్వాత గడప

సహాయం కోరి వచ్చిన ఒక అన్సారీ సహాబీని దైవప్రవక్త (స) మొదట అడిగినది ఆయన ఇంట్లో ఏమున్నదని. ఒక దుప్పటి, నీళ్ళు త్రాగే పాత్ర తప్ప మరేమీ లేవన్నారు. వాటిని తెప్పించి, వేలం వేసి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం, రెండవదానితో గొడ్డలి కొనమన్నారు. తమ స్వహస్తాలతో దానికి కర్ర బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని పంపారు. పదిహేను రోజుల తర్వాత ఆయన పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చారని సునన్ అబూదావూద్‌లో ఉంది. ఈ వరుసను గమనించండి. మొదట ఇంటి లెక్క, తర్వాత పిల్లల కడుపు, ఆ తర్వాత సంపాదనకు పనిముట్టు.

ఉదాహరణకు ఆటో నడుపుకొనే ఒక సోదరుని ఇంటిని ఊహించుకుందాము. నెలకు ఆదాయం 18,000 రూపాయలు. అద్దె 5,000, సరుకులు 7,000, కరెంటు, గ్యాసు 1,500, పిల్లల చదువు 2,500, మందులు 1,000, ఫోను, రాకపోకలు 1,000. ఆదాయమంతా ఖర్చయిపోయింది. ఇంతలో తల్లికి జబ్బు చేసి చేతికి డబ్బు కావలసి వచ్చింది. రోజువారీ ఫైనాన్స్‌లో 20,000 అప్పు వ్రాయించుకుంటే ముందే 3,000 పట్టుకొని 17,000 చేతిలో పెడతారు. రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టాలి. మూడు వేలే కదా అనిపిస్తుంది. అయితే అసలు రోజురోజుకూ తగ్గుతూ ఉంటుంది గనుక, సంవత్సరానికి లెక్క కడితే ఈ వడ్డీ నూటికి నూరు దాటుతుంది. పైగా కట్టవలసినది నెలకు 6,000, అంటే ఆదాయంలో మూడవ వంతు. అది ఎక్కడినుండి వస్తుంది? మరొక అప్పునుండే వస్తుంది. కుటుంబాలు చితికిపోయే విధానం ఇదే.

కనుక ఇబ్బంది కనిపించిన వారంలోనే భార్యాభర్తలిద్దరూ ఒక కాగితం ముందు కూర్చోవాలి. తప్పనిసరి ఖర్చులు, వాయిదా వేయగలిగినవి, మానుకోగలిగినవి మూడు వరుసలుగా వ్రాయాలి. ఎవరికి ఎంత బాకీ ఉన్నదో, ఏ తేదీకి చెల్లించాలో పక్కన వ్రాయాలి. పాఠశాల యాజమాన్యంతో, ఇంటి యజమానితో గడువు దాటకముందే మాట్లాడి, విడతలుగా చెల్లించే వెసులుబాటు అడగాలి. గడువు దాటిన తర్వాత చెప్పేది సాకుగా వినిపిస్తుంది, ముందుగా చెప్పేది నిజాయితీగా వినిపిస్తుంది.

ఇంటి అప్పును భార్యకు తెలియకుండా దాచడం సరికాదు. ఆమె మహర్, ఆమె నగలు ఆమె సొంత ఆస్తి. ఆమె మనస్ఫూర్తిగా అంగీకరించకుండా వాటిని తాకట్టు పెట్టే అధికారం భర్తకు గాని, అత్తమామలకు గాని లేదు. ఆమె అప్పుగా ఇస్తే అది భర్త తీర్చవలసిన బాకీయే.

మొదటి గడప బంధువులది

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సతీమణి హజ్రత్ జైనబ్ (రజి) తమ పోషణలో ఉన్న అనాథలపైన, పేదవాడైన తమ భర్తపైన ఖర్చుచేస్తే సరిపోతుందా అని అడిగించారు. ఆమెకు రెండు పుణ్యాలు లభిస్తాయని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఒకటి బంధుత్వాన్ని నిలిపినందుకు, మరొకటి దానం చేసినందుకు. ఇంట్లో అన్నకు చెప్పుకోవడం భిక్షాటన కాదు, అన్నకు పుణ్యం సంపాదించుకునే అవకాశం ఇవ్వడం.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక ధర్మశాస్త్ర విషయం ఉంది. తల్లిదండ్రులకు, తాత ముత్తాతలకు, పిల్లలకు, మనవలకు జకాత్ ఇవ్వరాదు. హనఫీ మతం ప్రకారం భార్యాభర్తలు ఒకరికొకరు కూడా ఇచ్చుకోరాదు. జైనబ్ (రజి) ఉదంతంలోనిది స్వచ్ఛంద దానమని ఆ పండితుల వివరణ. తోబుట్టువులకు, మేనత్తలకు, పినతండ్రులకు, వారి పిల్లలకు, అత్తవారి వైపు వారికి అర్హత ఉంటే నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. ఇచ్చేటప్పుడు అది జకాత్ అని చెప్పవలసిన అవసరం లేదు. ఇచ్చేవాని మనసులో సంకల్పం ఉంటే చాలు. చెల్లెలి చేతిలో ‘ఈదీ’ అనో, పిల్లల పుస్తకాలకనో చెప్పి పెట్టవచ్చు. ఆమె బిడియానికి భంగం కలగదు, మన విధి నెరవేరుతుంది.

అప్పులపాలైన వారి హక్కు

‘అత్తౌబా’ సూరా 60వ ఆయత్ పేర్కొన్న ఎనిమిది జకాత్ పద్దులలో ఒకటి అప్పులలో కూరుకుపోయినవారిది. అది వారిపట్ల దయ కాదు, వారి హక్కు. నిత్యావసరాలను మినహాయించి, బాకీలను తీసివేసిన తర్వాత ఒకరి వద్ద మిగిలినది 612.36 గ్రాముల వెండి విలువకు చేరకపోతే, హనఫీ పండితుల ప్రకారం అతడు జకాత్ తీసుకోవడానికి అర్హుడు. సొంత ఇల్లున్నదని, ఒంటిమీద మంచి బట్టలున్నాయని అతనిని అనర్హునిగా చూడరాదు. సయ్యద్ కుటుంబాలకు జకాత్ వర్తించదు. వారికి కానుకల రూపంలో తోడ్పడటం మన గౌరవపూర్వక బాధ్యత.

అప్పు ఇచ్చినవారు కూడా ఒక విషయం గుర్తుంచుకోవాలి. రావలసిన బాకీని వదిలివేసి, అదే నా జకాత్ అనుకుంటే జకాత్ నెరవేరదు. జకాత్ సొమ్మును అర్హుని చేతిలో పెట్టి అతనిని దానికి యజమానిని చేయాలి. ఆ తర్వాత అతడు దానితో బాకీ తీర్చుకోవచ్చు.

ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని, మాఫీ చేయడం ఇంకా మేలని ‘అల్ బఖర’ 280వ ఆయత్ ఆదేశం. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తమ బాకీ విషయమై మస్జిదె నబవీలో ఒకరితో వాదులాడగా గొంతులు హెచ్చాయి. దైవప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం వదిలివేయమని సైగ చేశారు. కఅబ్ (రజి) వెంటనే ఒప్పుకున్నారు. అప్పుడు ఆ రెండవ వ్యక్తిని, లేచి మిగిలినది చెల్లించమన్నారు. ఇద్దరినీ ఆదుకున్న తీర్పు అది. మస్జిద్‌లో రుణ వివాదాలు పరిష్కరించే సంప్రదాయం మనకు కొత్త కాదు.

వడ్డీలేని అప్పు

హైదరాబాద్‌లో జన్మించిన ప్రసిద్ధ పండితులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) తమ నగరంలోని వడ్డీలేని రుణ సంఘాలను గురించి ప్రత్యేకంగా వ్రాశారు. దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్ 1961లో ఏర్పడింది. నేడు మన నగరాలలో కొన్ని బైతుల్ మాల్ సంస్థలు బంగారాన్ని హామీగా ఉంచుకొని వడ్డీ లేకుండా అప్పు ఇస్తున్నాయి. నగ ఉన్నవారు తాకట్టు దుకాణానికి వెళ్ళేముందు అటువంటి సంస్థను విచారించాలి. అవి తీసుకునే రుసుము నిర్వహణకు నిజంగా అయిన ఖర్చుకు మించకూడదు. అప్పు మొత్తాన్ని, గడువును బట్టి పెరిగే రుసుముకు ఏ పేరు పెట్టినా అది వడ్డీయే.

స్త్రీలు నడుపుకునే పాట లేని చిట్టీ కూడా ఒక మంచి మార్గం. అందరూ సమానంగా వేసి, వంతుల ప్రకారం మొత్తాన్ని సమానంగా తీసుకుంటే అందులో దోషం లేదు. వేలం పాటలో తగ్గించిన సొమ్మును పంచుకునే చిట్టీలో వడ్డీ చొరబడుతుంది. ఏ అప్పు అయినా వ్రాసుకోవాలి, సాక్షులుండాలి. ‘అల్ బఖర’ 282వ ఆయత్ ఆదేశమిదే. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకని సిగ్గుపడటం వల్లనే అన్నదమ్ములు శత్రువులవుతున్నారు.

ప్రభుత్వం వద్ద ఉన్న హక్కు

అర్హత ఉన్న ప్రభుత్వ సహాయం తీసుకోవడం యాచన కాదు. అబద్ధపు వివరాలిచ్చి తీసుకోవడం మాత్రం హరామ్. జబ్బు చేసినప్పుడు, అప్పుకు ముందే ఆరోగ్యశ్రీ పథకం (ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌టీఆర్ వైద్య సేవ) ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందేమో అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో వితంతువులకు, వృద్ధులకు 2024 జులై నుండి నెలకు 4,000 రూపాయల పింఛను అమలులోకి వచ్చింది. తెలంగాణలో షాదీ ముబారక్ క్రింద 1,00,116 రూపాయలు, మైనారిటీ గురుకులాలలో ఉచిత చదువు ఉన్నాయి. వార్డు సచివాలయంలోనో, మీసేవ కేంద్రంలోనో విచారించడానికి చదువుకున్న యువకులు పెద్దలకు తోడు వెళ్ళాలి.

ఇప్పటికే అప్పులో చిక్కుకున్నవారు బెదిరింపులకు లొంగవలసిన పనిలేదు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. ఫోను యాప్‌లలో అప్పు తీసుకొని మోసానికి, బెదిరింపులకు గురైనవారు 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. అందుకు నంబరు 15100.

ఆ ముగ్గురు ఎవరు?

అప్పు ఎంత బరువైనదో తెలుసుకోవడానికి ఒక్క సంఘటన చాలు. అప్పు మిగిల్చి, తీర్చేందుకు ఏమీ వదలకుండా చనిపోయిన వ్యక్తి జనాజా నమాజ్‌కు దైవప్రవక్త (స) స్వయంగా ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తమదని పూచీపడిన తర్వాతనే ఆ నమాజ్ చేయించారు. తర్వాతి కాలంలో అల్లాహ్ కలిమిని ప్రసాదించినప్పుడు, అటువంటి విశ్వాసుల అప్పు తీర్చే బాధ్యతను ఆయనే స్వీకరించారు. వ్యక్తికి అప్పు తీర్చే చింత ఉండాలి, సమాజానికి అతని భారం పంచుకునే మనసుండాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా వడ్డీ వ్యాపారి గడప నిండుతుంది.

ప్రతి మస్జిద్ పరిధిలో ముగ్గురు నమ్మకస్థులను ఎంచుకుందాము. ఇంటి ఆడవారి మాట వినగలిగేందుకు వారితోపాటు ఒక అనుభవజ్ఞురాలైన సోదరి ఉండాలి. వారి చెవిన పడిన మాట బయటకు పొక్కరాదు. సహాయం అందుకున్నవారి ఫోటోలు తీయరాదు, పేర్లు చదవరాదు. యాభై కుటుంబాలు నెలకు వంద రూపాయల చొప్పున వేస్తే సంవత్సరానికి 60,000 అవుతుంది. పదేసి వేల చొప్పున ఆరు కుటుంబాలకు ఖర్జె హసన్ ఇవ్వవచ్చు. వారు తీర్చిన సొమ్ము మరో ఆరు కుటుంబాలకు అందుతుంది. దీనికి పెద్ద భవనం అక్కరలేదు, ఒక లెక్క పుస్తకం, ఒక తాళమున్న పెట్టె చాలు.

వచ్చే జుమా నమాజ్ తర్వాత పది నిమిషాలు ఆగి, మన మస్జిద్‌లో ఆ ముగ్గురు ఎవరో నిర్ణయించుకుందాము. రుణభారంతో నిద్రపట్టని ప్రతి ఇంటికీ అల్లాహ్ వెసులుబాటు కలిగించుగాక. ఆ వెసులుబాటుకు మనలను సాధనాలుగా చేయుగాక. ఆమీన్.