అరుంధతీ దర్శనము
వివాహవేళ పట్టపగలు పురోహితుఁడు ఆకసమును జూపఁగా, ఏమియుఁ గానకయే “కనఁబడినది” అని తల యూఁచినవారము మనలో నెందఱో! మేమును అట్టివారమే. నక్షత్రముల పేళ్లు వల్లించితిమి గాని, యొక్కదానినైన గుఱుతింపనేరము.

ఈ వేసవి సెలవులలో నిజామాబాదున రైలెక్కి, పిల్లలతో హైదరాబాదు చేరి, నౌబత్ పహాడ్ మీఁది బిర్లా నక్షత్రశాలను జూచితిమి. 1985లో వెలసిన యా గుమ్మటము క్రింద దీపము లాఱఁగానే మధ్యాహ్నమే రాత్రి యయ్యెను. సప్తర్షులలో తోఁకకొననుండి రెండవవాఁడు వసిష్ఠుఁడు. ఆయన చెంతనున్న సన్నని చుక్కయే యరుంధతి. ఆమె వెలుఁగు మనలఁ జేరుటకు సుమారు 80 ఏండ్లు పట్టును.

“అమ్మా, నీ పెండ్లిలోఁ జూచితివా?” అని మా చిన్నది యడిగెను. సిగ్గుపడి లేదంటిమి.

తిరిగివచ్చి, బోధను చెఱకుచేల నడుమ చీఁకటిలో నిలిచి, ఆమెను నిజముగాఁ గంటిమి. మీ కూఁతుండ్రకుఁ బెండ్లికి ముందే యొక రాత్రి చూపుఁడు. చూడనిదానిని జూచితినని వారిచేత ననిపింపకుఁడు.