గుండ్ల ఛాయాచిత్రములు

హైదరాబాదునందు రహమత్ నగర్, జూబిలీ హిల్స్ ప్రాంతములలో ఒకదానిపై నొకటి యెత్తిపెట్టినట్లున్న గుండ్లను మీలో పలువురు చూచియుందురు. ఏ భీముడో పేర్చినట్లు తోచును గాని, వానిని చెక్కినది నీరు.

ఈ గ్రానైటు శిల సుమారు 250 కోట్ల యేండ్ల క్రిందట భూగర్భమున చల్లారి గట్టిపడినది. పిమ్మట దానికి నిలువుగను అడ్డముగను పగుళ్లు వచ్చినవి. వాననీరు పగుళ్లలో నింకి, రాతిలోని కొన్ని ఖనిజములను మట్టిగా మార్చినది. దిమ్మయొక్క అంచును నీరు రెండువైపుల, మూలను మూడువైపుల తినును. అందుచేత మూలలు ముందుగా అరిగి దిమ్మ గుండ్రనైనది. చుట్టునున్న మట్టి వానలకు కొట్టుకొనిపోగా గుండు మిగిలినది.

నేను వీని ఛాయాచిత్రములు తీయుచుందును. నడిమధ్యాహ్నపు టెండలో గుండు పలకవలె కనబడును. ప్రొద్దుటగాని సాయంకాలముగాని వెలుగు ఏటవాలుగా పడినపుడే దాని గుండ్రదనమును నెఱ్ఱెలును తెలియును. కొలత తెలియుటకు ప్రక్కన నొక మనిషిని నిలుపుదును. చిత్రము వెనుక తేదియు స్థలమును వ్రాసికొందును.

ఏలయనగా, ఒక యేడు నేను చిత్రించిన గుండు మరుసటి యేట కానరాలేదు. ఇండ్లకొఱకు దానిని మందుపెట్టి పగులగొట్టిరి. ఇట్టి శిలలను కాపాడుటకై 1996లో హైదరాబాదున నొక సంఘ మేర్పడినది. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలోని పుట్టగొడుగు బండ నేటికిని నిలిచియున్నది.

మీ యూరి గుట్టను కంకరకు ఒప్పగించుటకు ముందు ఒక్కమాఱు ఆలోచింపుడు. నఱికిన చెట్టుకు బదులు మొక్క నాటవచ్చును. పగిలిన గుండుకు బదులు నాయొద్ద ఛాయాచిత్రము మాత్రమే యున్నది.