సొంతంగా తూటాలు నింపుకుంటే ఇప్పుడు మిగిలేదెంత?

అమెరికాలో సెలవు రోజు షూటింగ్ రేంజ్‌కు వెళ్లడం చాలామందికి మన దగ్గర బ్యాట్ పట్టుకుని గ్రౌండ్‌కు వెళ్లినంత మామూలు సంగతి. గ్రీన్ కార్డో, పౌరసత్వమో వచ్చి అక్కడే స్థిరపడిన మన కుటుంబాల్లోనూ ఈ సరదా ఉన్నవాళ్లు ఉన్నారు. గురి నేర్చుకోవడాన్ని మన పెద్దలు ఎప్పుడూ తప్పుగా చూడలేదు. విలువిద్య, గుర్రపు స్వారీ, ఈత మంచి ఆటలని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. కానీ ఇస్రాఫ్, అంటే దుబారా, కూడదని కూడా అంతే గట్టిగా వింటూ పెరిగాం. ఇప్పుడు ఈ హాబీలో వచ్చిన చిక్కు అక్కడే ఉంది.

తుపాకీ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. తూటాలు అలా కాదు, రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ అయిపోతాయి. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి లక్షల మంది అమెరికన్లు పట్టుకున్న దారి రీలోడింగ్. పేల్చిన తూటా తొడుగును పారేయకుండా ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం అన్నమాట. 2020 తర్వాత ఈ సరుకుల ధరలు పెరగడంతో "ఇంట్లో చేసుకుంటే చవక" అనే మాట అన్ని తూటాల విషయంలో నిజం కాకుండా పోయింది.

తూటాలో ఏమేం ఉంటాయి?

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఒకటి, ఇత్తడి తొడుగు. దీన్ని కేస్ అంటారు. రెండు, కేస్ అడుగున ఉండే చిన్న ప్రైమర్. తుపాకీ పిన్ను తగలగానే నిప్పురవ్వ పుట్టించేది ఇదే. మూడు, తుపాకీ మందు. నాలుగు, ముందుకు దూసుకెళ్లే బుల్లెట్. మనం మామూలుగా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం కానీ అసలు బుల్లెట్ ఆ కొసన ఉండే సీసం ముక్క మాత్రమే.

పేల్చిన తర్వాత మిగిలేది కేస్ ఒక్కటే. ఖరీదైన తూటాల్లో ఎక్కువ విలువ దానిదే. జాగ్రత్తగా వాడితే ఒక కేస్‌ను చాలాసార్లు నింపుకోవచ్చు. రీలోడింగ్‌లో వచ్చే ఆదా అంతా ఈ కేస్ మీదే ఆధారపడి ఉంది. మిగతా మూడూ ప్రతిసారీ కొత్తవి కొనాల్సిందే. ధర పెరిగింది ఆ మూడింటికే.

ధర ఎంత పెరిగింది?

2019లో 1000 ప్రైమర్లు 30-35 డాలర్లకు దొరికేవి. 2021లో షాపుల్లో స్టాకు లేక, చేతులు మారే చోట 100 డాలర్లు దాటాయి. తర్వాత సరుకు వచ్చింది కానీ ధర మాత్రం పాత చోటికి దిగలేదు. 70-80 డాలర్ల దగ్గర నిలబడింది. అంటే రెట్టింపు కన్నా ఎక్కువే. ఒక పౌండు మందు అప్పట్లో 25-30 డాలర్లు ఉంటే, ఇప్పుడు రకాన్ని బట్టి 40 నుంచి 50 డాలర్లు, కొన్నింటికి ఇంకా ఎక్కువ.

ఎందుకిలా?

మొదటి కారణం 2020. కరోనా, వీధుల్లో ఆందోళనలు, అధ్యక్ష ఎన్నిక మూడూ ఒకే ఏడాదిలో వచ్చాయి. భయంతో జనం తుపాకుల షాపుల ముందు క్యూ కట్టారు. ఎఫ్‌బీఐ వ్యవస్థ ద్వారా జరిగే తనిఖీలు ఆ ఏడాది సుమారు 3 కోట్ల 97 లక్షలకు చేరాయి. ప్రతి తనిఖీ ఒక అమ్మకం కాకపోయినా, డిమాండ్ ఎలా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. కొత్తగా తుపాకీ కొన్న ప్రతివాళ్లకూ తూటాలు కావాలి కదా.

రెండో కారణం, తయారీదారులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండటం. అమెరికాలో ప్రైమర్లలో పెద్ద పేర్లు సీసీఐ, ఫెడరల్, రెమింగ్టన్, వించెస్టర్. 2020లో రెమింగ్టన్ దివాలా తీసినప్పుడు దాని తూటాల వ్యాపారాన్ని సీసీఐ, ఫెడరల్‌ల యజమాని అయిన విస్టా అవుట్‌డోర్ కొనేసింది. 2024 నవంబర్‌లో ఆ మూడూ కలిపి చెక్ దేశపు సీఎస్‌జీ గ్రూపు చేతికి వెళ్లాయి. నాలుగు పెద్ద పేర్లలో మూడింటికి యజమాని ఒక్కరే. పైగా ఈ కంపెనీలే రెడీమేడ్ తూటాలు కూడా అమ్ముతాయి. గిరాకీ పెరిగితే ప్రైమర్లు ముందు సొంత తూటాల్లోకే వెళ్తాయి. విడిగా అమ్మేది మిగిలితేనే.

మూడో కారణం యుద్ధం. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైంది. అప్పటికి అమెరికా నెలకు సుమారు 14,000 శతఘ్ని గుండ్లు, 155 ఎంఎంవి, తయారు చేసేది. దాన్ని 1,00,000కు పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. యూరప్ దేశాలూ అదే దారి పట్టాయి. ఒక గుండును దూరంగా విసరాలంటే కొన్ని కిలోల మందు కావాలి. అదే ఒక్క కిలో మందుతో వేటకు వాడే .308 రైఫిల్ తూటాలు 350 దాకా నింపొచ్చు. శతఘ్ని మందు, రైఫిల్ మందు ఒకటి కాదు కానీ రెండింటికీ మూల సరుకు ఒకటే. అది నైట్రోసెల్యులోజ్.

నాలుగోది లోహాలు. తూటా ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. 2024 మే నెలలో లండన్ మార్కెట్‌లో టన్ను రాగి 11,000 డాలర్లు దాటింది. 2025లో అమెరికా కొన్ని రకాల రాగి సరుకుల మీద 50 శాతం సుంకం వేసింది. సీసాన్ని గట్టిపరిచేందుకు, ప్రైమర్లలోనూ వాడే యాంటిమొనీని అమెరికాకు పంపకుండా చైనా 2024 డిసెంబర్‌లో ఆపేసింది. ఏడాది తర్వాత ఆ నిషేధాన్ని తాత్కాలికంగా ఎత్తేసినా, ఆ లోపు ధర ఎన్నో రెట్లు పెరిగింది.

పత్తి చేనుకూ దీనికీ సంబంధం

నైట్రోసెల్యులోజ్ తయారయ్యేది పత్తి నుంచే. జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక పత్తి గింజకు పొట్టి నూగు అంటుకుని ఉంటుంది. దాన్నే లింటర్ అంటారు. గింజలు నూనె మిల్లుకు వెళ్లినప్పుడు ఆ నూగును గీకి తీస్తారు. దాన్ని శుద్ధి చేసి రసాయనాలతో మారిస్తే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. చెక్క గుజ్జు నుంచి కూడా చేయొచ్చు.

యూరప్ ఈ లింటర్ కోసం ఎక్కువగా చైనా మీద ఆధారపడింది. యుద్ధం వచ్చాక అది పెద్ద బలహీనత అని అక్కడి ఆయుధ కంపెనీలే బయటపడి చెప్పాయి. తెలంగాణ దేశంలో పత్తి ఎక్కువగా పండే రాష్ట్రాల్లో ఒకటి. అయినా ఈ గిరాకీ ఆదిలాబాద్ రైతు జేబులోకి వచ్చి పడుతుందని అనుకోవద్దు. రైతు పత్తికి ధర కట్టేది దూదిని చూసే. లింటర్ మిల్లు దశలో తేలే ఉప ఉత్పత్తి మాత్రమే.

లెక్క వేసి చూద్దాం

ఒక పౌండులో 7000 గ్రెయిన్లు ఉంటాయి. మందును తూచేది ఈ గ్రెయిన్లలోనే. పిస్టల్‌కు వాడే 9 ఎంఎం తూటాకు దాదాపు 5 గ్రెయిన్లు పడుతుంది. కేస్ రేంజ్‌లో ఉచితంగా దొరికిందనుకుందాం.

2019 నాటి ధరల్లో ప్రైమర్ 3.5 సెంట్లు, మందు 2 సెంట్లు, బుల్లెట్ 8 సెంట్లు. మొత్తం 13.5 సెంట్లు. షాపులో రెడీమేడ్ తూటా సుమారు 18 సెంట్లు. అంటే 1000 తూటాలకు 45 డాలర్లు మిగులు.

ఇప్పుడు ప్రైమర్ 8, మందు 3, బుల్లెట్ 11 సెంట్లు. మొత్తం 22. షాపు తూటా 25 సెంట్ల దగ్గర ఉంది. మిగులు 1000కి 30 డాలర్లే. ప్రైమర్లు, మందు ప్రమాదకర సరుకు కాబట్టి ఇంటికి తెప్పిస్తే ప్రత్యేక రవాణా రుసుము ఉంటుంది. అది 20 డాలర్లు అనుకున్నా, 1000 ప్రైమర్లే తెప్పించినవాళ్లకు చివరికి మిగిలేది 10 డాలర్లు.

ఇందులో మెషీన్ ఖర్చు ఇంకా కలపలేదు. ప్రెస్సు, డైలు, త్రాసు అన్నీ కలిపి 600 డాలర్లు అనుకుందాం. 1000కి 30 డాలర్లు మిగిలితే ఆ పెట్టుబడి తిరిగి రావడానికి 20,000 తూటాలు పేల్చాలి. నెలకు 100 పేల్చే మనిషికి 16 ఏళ్ల పైనే పడుతుంది. ప్రెస్సు ముందు కూర్చున్న గంటలకు కూలీ ఎవరూ ఇవ్వరు.

.308 రైఫిల్‌తో దూరం గురి పోటీలకు వెళ్లేవాళ్ల లెక్క వేరు. వాళ్ల తూటాకు 43 గ్రెయిన్ల మందు అనుకుంటే, పౌండు 50 డాలర్ల చొప్పున 31 సెంట్లు. ప్రైమర్ 8, మంచి బుల్లెట్ 45. డాలరు పెట్టి కొన్న కేస్‌ను 8 సార్లు వాడితే దాని వాటా 12. మొత్తం 96 సెంట్లు. అదే నాణ్యత ఉన్న షాపు తూటా డాలరున్నర పైనే, 160 సెంట్లు అనుకుందాం. తూటాకు 64 సెంట్లు మిగులు. వెయ్యి తూటాలు నిండకముందే మెషీన్ ఖర్చు తిరిగొస్తుంది.

తేలిందేమిటంటే, ఖరీదైన కేస్ ఉన్న చోట రీలోడింగ్ ఇప్పటికీ లాభమే. చౌక తూటాల దగ్గర అది ఆదా కాదు, ఇంకో హాబీ మాత్రమే. సరుకు ఊరూరికీ ధర మారుతుంది కాబట్టి ఎవరికి వాళ్లు తమ అంకెలతో ఈ లెక్క వేసుకోవాలి.

మన షూటర్ల సంగతేంటి?

హైదరాబాద్ నుంచి ఎదిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో మందు ఉండదు, గాలి ఒత్తిడితో వెళ్లే సీసం పెల్లెట్లు వాడతారు. ఇషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చిన 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది .22 తూటా. దాని ప్రైమర్ రసాయనం కేస్ అంచులోనే ఉంటుంది కాబట్టి మళ్లీ నింపడం కుదరదు. వాళ్లకు రీలోడింగ్ దారి లేదు, కొనడమే. అయితే సీసం, రాగి, మందు ధరలు పెరిగితే వాళ్ల బిల్లూ పెరుగుతుంది.

ఇంకో ముఖ్య విషయం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. అమెరికాలో బావమరిది చేస్తున్నాడని ఇక్కడ ఎవరూ ప్రయత్నించకూడదు.

అక్కడున్న పిల్లలకు చెప్పాల్సింది

హెచ్-1బీ మీద ఉద్యోగం చేసేవాళ్లు, ఎఫ్-1 మీద చదువుకునేవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటు అయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. "ఫ్రెండ్ తుపాకీయే కదా, ఒక్కసారే కదా" అని రేంజ్‌కు వెళ్లే ముందు లాయర్‌ను అడగాలి. ఇక్కడ పోయేది డబ్బు కాదు, వీసా.

సెలవుల్లో ఇంటికి వచ్చేటప్పుడు రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగు వాడొద్దు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపించినా కేసు దాకా వెళ్లొచ్చు.

ఇక ధర పెరుగుతుందన్న భయంతో ఇంట్లో నిల్వ చేసేవాళ్ల విషయం. అమెరికాలో వాడే అగ్ని భద్రతా ప్రమాణాల ప్రకారం మామూలుగా ఇంట్లో 20 పౌండ్ల మందు, 10,000 ప్రైమర్ల వరకే పెట్టుకోవచ్చు. మందు దాని అసలు డబ్బాలోనే ఉండాలి. స్థానిక నిబంధనలు ఇంకా కఠినంగా ఉండొచ్చు. వాడిన కేసుల మీద సీసం దుమ్ము ఉంటుంది, అది చిన్నపిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందుకని ఈ పని వంటింట్లోనో, పిల్లలు ఆడుకునే గదిలోనో చేయకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

ఆదా కోసం మెషీన్ కొందామని ఇంట్లో ఎవరైనా అంటే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నెలకు ఎన్ని తూటాలు పేలుస్తావు? ఏ తూటా? సరుకు ఇంట్లో ఎక్కడ పెడతావు? మూడింటికీ సరైన జవాబు ఉంటేనే ఆ 600 డాలర్లు బయటికి తీయడం మంచిది.