డిక్కీ వంకరా, గుమ్మం వంకరా?

ఉదయం తొమ్మిదిన్నర దాటాక మూసాపేట నుంచి కైతలాపూర్ వంతెన మీదుగా హైటెక్ సిటీకి వెళ్లే కార్లు దాదాపు ఒకదానికొకటి రాసుకుంటూ కదులుతాయి. 2022 జూన్‌లో ఆ వంతెన తెరిచాక జేఎన్టీయూ చుట్టూ తిరిగి వెళ్లే బాధ చాలామందికి తప్పింది. ఆఫీసు వేళల్లో బంపర్‌కు బంపర్ ఆనించి నిలబడటం మాత్రం తప్పలేదు. ఆ నత్తనడకలో ఎవరికీ దెబ్బలు తగలవు. వెనక డ్రైవర్ ఒక్క క్షణం ఫోన్ వైపు చూస్తే మాత్రం ముందు కారుకు టప్పున తగులుతుంది. ఇద్దరూ దిగి చూస్తారు. బంపర్ మీద రెండు గీతలు. ‘ఏం కాలేదులెండి’ అనుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు.

సాయంత్రం బ్యాగు పెడదామని డిక్కీ ఎత్తి దించితే అది పడదు. రెండోసారి గట్టిగా కొడితే పడుతుంది. నాలుగు రోజుల్లో అలా కొట్టడమే అలవాటైపోతుంది. చిన్న మరమ్మతు పెద్దదయ్యేది ఇక్కడే.

పైకి ఏమీ కాని బంపర్ లోపల ఏం జరిగిందో దాచేస్తుంది. ఇప్పటి బంపర్లు చాలావరకు ప్లాస్టిక్. దెబ్బ తగిలితే లోపలికి నొక్కుకుపోయి, మళ్లీ తమ ఆకారానికి వచ్చేస్తాయి. వాటి వెనకున్న ఇనుప రేకుకు ఆ గుణం తక్కువ, వంగిందంటే వంగినట్టే. డిక్కీ తాళం పట్టుకునే కొక్కెం, అంటే మెకానిక్‌లు స్ట్రైకర్ అనే ఇనుప కడ్డీ, ఆ వెనక రేకు మీదే ఉంటుంది. రేకు రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిగినా తాళానికి కొక్కెం అందదు. కంటికి కనిపించని ఆ తేడాయే డిక్కీ పడకపోవడానికి కారణం.

మన రోడ్ల మీద వెనక భాగమంతా ఒకే తలుపుగా ఉండే డిక్కీలు ఇన్ని ఉండటానికి పన్నుల విధానం కూడా ఒక కారణం. నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకు 2006 నుంచి ఎక్సైజ్ సుంకం తగ్గింది. జీఎస్టీలోనూ ఆ తేడా కొనసాగింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి దించారు. నాలుగు మీటర్లలో మనుషులు, సామాన్లు సర్దాలంటే వెనక భాగాన్ని నిటారుగా తెగ్గోసి, పైకప్పు నుంచి బంపర్ దాకా ఒకే తలుపు పెట్టడం కంపెనీలకు సులువు. ఆ తలుపులోనే అద్దం, వైపర్, మూడో బ్రేక్ లైటు, చాలా కార్లలో కెమెరా కూడా ఉంటాయి. బరువంతా పైకప్పుకు బిగించిన రెండు హింజ్‌ల మీద పడుతుంది.

“అన్నా, డిక్కీ పడతలేదు, జర చూడు” అని షెడ్డుకు వచ్చిన కారు దగ్గర మంచి మెకానిక్ ముందుగా స్పానర్ పట్టుకోడు, కళ్లు పెట్టి చూస్తాడు. డిక్కీ మూసి (పడకపోతే ఆనించి) చుట్టూ సందు ఎలా ఉందో గమనిస్తాడు. కుడివైపు సందు, ఎడమవైపు సందు సమానంగా ఉన్నాయా? పైన ఒకలా, కింద ఒకలా ఉందా? డిక్కీ రేకు పక్క ప్యానెల్ కన్నా పైకి లేచిందా, లోపలికి దిగిందా? చేత్తో నిమిరితే మెట్టు తగులుతుంది. ఏ కారుకు ఎంత సందు ఉండాలన్నది కంపెనీ చెప్పే లెక్క. ఆ లెక్క చేతిలో లేకపోయినా రెండు వైపులా పోల్చి చూస్తే సగం రోగం తెలిసిపోతుంది.

ఆ తర్వాత డిక్కీ ఎత్తి, ఖాళీ గుమ్మాన్ని కొలవాలి. పైన ఎడమ మూల నుంచి కింద కుడి మూలకు ఒక కొలత, పైన కుడి మూల నుంచి కింద ఎడమ మూలకు ఇంకో కొలత. రెండూ సమానంగా ఉంటే గుమ్మం బాగుందని దాదాపు నమ్మవచ్చు. తేడా ఉంటే వంగింది డిక్కీ కాదు, బాడీ. ఇంటి దర్వాజా ఒరిగితే తలుపు చెక్కను రంద పట్టి ఎంత లాభం? ఇక్కడా అంతే. వంగిన గుమ్మానికి సరిపోయేలా డిక్కీని వంచితే సందు కంటికి అందంగా కనిపిస్తుంది. కానీ రబ్బరు బీడింగ్ ఒకచోట నలుగుతుంది, ఇంకోచోట ఆనదు. ఈ కొలత తీయడానికి టేపు, రెండు నిమిషాలు చాలు. రద్దీగా ఉన్న షెడ్డులో చాలాసార్లు వదిలేసేది కూడా దీన్నే. కారు యజమాని దగ్గరుండి అడిగి తీయించుకోవాల్సిన పని ఇదొక్కటే.

గుమ్మం వంగితే దాన్ని లాగి సరిచేయాలి. హైడ్రాలిక్ జాకీతోనో, చైన్ కట్టి లాగే బెంచ్ మీదో వచ్చిన దెబ్బకు ఎదురు దిశలో కొంచెం కొంచెంగా లాగుతూ, ప్రతిసారీ మళ్లీ కొలుస్తారు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి కొట్టే పాత పద్ధతి కొత్త కార్లకు పనికిరాదు. వాటి బాడీలో చాలాచోట్ల వాడే గట్టి ఉక్కు అంత వేడికి తన బలం కోల్పోతుంది. తుప్పు పట్టకుండా వేసిన జింకు పూత కాలిపోతుంది.

రేకు పనికి ఈ ప్రాంతం కొత్త కాదు. మూసాపేట పక్కనే సనత్‌నగర్‌లో, 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ ఆర్టీసీకి బస్సు బాడీలు కట్టింది. అటుపక్క బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మిల్లీమీటరులో వందో వంతు లెక్కలతో పనిముట్లు చేయడం నేర్పుతోంది. అలాంటి కొలతల పట్టుదల డెంటింగ్ షెడ్డు దాకా రావాలని కోరుకోవడం అత్యాశేమీ కాదు.

గుమ్మం బాగుందని తేలాక అసలు సర్దుబాటు మొదలవుతుంది. దీనికో వరస ఉంది. ముందు కొక్కెం పూర్తిగా విప్పేసి డిక్కీని మెల్లగా దించుతారు. పట్టుకునేది లేనప్పుడు డిక్కీ ఎక్కడ కూర్చుంటుందో అదే హింజ్‌లు చెప్పే నిజం. పక్కకు జరిగి కూర్చుంటే సర్దాల్సింది హింజ్‌లనే. చాలా కార్లలో వాటి బోల్టులు పైకప్పు లైనింగ్ వెనక ఉంటాయి. పైకప్పు అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఈ పనికి ముందు బ్యాటరీ తీగ విప్పి, కంపెనీ చెప్పినంతసేపు ఆగాలి.

బోల్టు వదులు చేసే ముందు హింజ్ చుట్టూ మార్కర్‌తో గీత గీస్తారు. పాత చోటు గుర్తుండాలి కదా. డిక్కీ అంచులకు, పక్క ప్యానెల్ అంచులకు మాస్కింగ్ టేపు అంటిస్తారు, లేకపోతే ఒక్క తగులుకే రంగు లేచిపోతుంది. డిక్కీని ఎత్తి పట్టే గ్యాస్ షాక్‌లు విప్పి పక్కన పెడతారు. వాటిలో నైట్రోజన్ ఒత్తిడితో ఉంటుంది. అవి నెడుతుండగా హింజ్ జరిపితే డిక్కీ ఉన్నచోట నిలవదు. అందుకే ఇది ఇద్దరు చేసే పని. ఒకరు డిక్కీని మోస్తారు, ఇంకొకరు జరుపుతారు.

తర్వాత కొక్కెం. దాని బోల్టులు ఊడిపోకుండా, చేత్తో నెడితే కదిలేంత బిగువుతో పెట్టి, డిక్కీని మెల్లగా దించితే తాళమే కొక్కేన్ని నడిమికి లాక్కుంటుంది. అక్కడే బిగించేయాలి. చివరగా రెండు పక్కలా ఉన్న రబ్బరు స్టాపర్లు. ఎక్కువ బయటికి ఉంటే డిక్కీని కొట్టి మూయాల్సి వస్తుంది, బాగా లోపలికి దిగితే గుంతల్లో లడలడలాడుతుంది. చాలామంది స్టాపర్లు తిప్పడంతో మొదలుపెడతారు. ఈ వరస తలకిందులైతే పని రెండుసార్లు చేయాల్సిందే.

సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి ఒక వార్తాపత్రిక చాలు. ముక్కలు చింపి బీడింగ్ చుట్టూ అక్కడక్కడ పెట్టి, డిక్కీ మూసి ఒక్కోటీ లాగాలి. అన్నీ ఒకే బిగువుతో రావాలి. ఏదైనా తేలిగ్గా జారిందంటే అక్కడ సందుంది. వర్షాకాలంలో ఆ సందులోంచి నీళ్లు దిగి స్టెప్నీ గుంతలో చేరి, ఎవరూ చూడని చోట తుప్పు మొదలవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం పొగ. నడుస్తున్న కారు వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, సైలెన్సర్ పొగ అక్కడే సుళ్లు తిరుగుతుంది. సందుంటే అది లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. డిక్కీని తాడుతో కట్టుకుని ఊరు వెళ్లొద్దామనుకునేవాళ్లు, ముఖ్యంగా వెనక సీట్లో పిల్లలుంటే, ఆ ఆలోచన మానుకోవాలి.

ఇక ఖర్చు. ఇన్సూరెన్స్ ఉంది కదా అని వెంటనే క్లెయిమ్ చేసే ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. మామూలు సమగ్ర పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు. నాలుగు దాటి ఐదేళ్లలోపు కారైతే లోహపు భాగాలకు 35 శాతం. 1500 సీసీ లోపు కారుకు ఆపైన 1000 రూపాయలు యజమానే భరించాలి. బంపర్ 4000, లోహపు భాగం 3000, కూలి 3000 అనుకుందాం. పది వేల బిల్లులో కంపెనీ ఇచ్చేది 5950. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా సంపాదించిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ మరుసటి ఏడాది సున్నా అవుతుంది. సొంత నష్టం ప్రీమియం 8000 ఉంటే ఆ ఒక్క ఏడాదే 4000 పోయినట్టు, మళ్లీ 20 శాతం నుంచి మొదలుపెట్టాలి. జీరో డిప్రిసియేషన్, బోనస్ రక్షణ కొనుక్కున్నవాళ్ల లెక్క వేరు. గుమ్మమే వంగి బిల్లు పెద్దదైతే మాత్రం వెనకాడకుండా క్లెయిమ్ చేయాలి, పని మొదలుకాకముందే కంపెనీకి తెలపాలి.

కారు తీసుకునేటప్పుడు తీగలూ చూసుకోవాలి. డిక్కీలోకి వెళ్లే తీగలన్నీ హింజ్ పక్కనున్న రబ్బరు గొట్టంలోంచే పోతాయి. జరపడంలో ఒకటి నలిగినా బ్రేక్ లైటో, వైపరో, కెమెరానో పనిచేయదు. 2019 జూలై నుంచి కొత్త కార్లలో తప్పనిసరైన రివర్స్ సెన్సర్లు వెనక బంపర్‌లోనే ఉంటాయి, బంపర్ విప్పి బిగించాక వాటినీ పరీక్షించాలి. షెడ్డు ముందే రివర్స్ గేరు వేసి, ఒకరిని కారు వెనక కాస్త దూరంలో నిలబెట్టి బీప్ వస్తుందో లేదో విన్నాకే డబ్బులు కట్టాలి.